మ్యూజియం వెనక గదిలో వడ్రంగి పిట్ట: నా అనుభవం

మ్యూజియానికి వెళ్ళినవాళ్ళకి కనిపించేవి అద్దాల వెనక రెక్కలు చాచి, గాజు కళ్ళతో చూస్తూ నిలబడ్డ పక్షులు. మొత్తం సేకరణలో అవి చాలా కొద్ది. మిగతావాటిలో ఎక్కువ భాగం వెనక గదుల్లో, ఇనప బీరువాల సొరుగుల్లో, వెల్లకిలా, రెక్కలు ఒంటికి ముడిచి, కళ్ళుండాల్సిన చోట దూదితో, కాళ్ళకి ఒక చీటీతో వరసగా ఉంటాయి. చర్మం ఒలిచి, దూది నింపి, ఎండబెట్టిన వీటిని స్టడీ స్కిన్‌లు అంటారు. ఒక ప్రకృతి చరిత్ర మ్యూజియంలో వాలంటీర్‌గా చేరి ఈ పని నేర్చుకున్నాను. ఒక వడ్రంగి పిట్టని ఫ్రీజర్ లోంచి తీసిన దగ్గర్నుంచి సొరుగులో పెట్టేదాకా అన్నీ నా చేతే చేయించారు, ఆ తర్వాత ఇంకో వడ్రంగి పిట్ట పుర్రెతో చిన్న ప్రదర్శన తయారుచేసే పనిలో కూడా ఉన్నాను. ఈ పనిలోకి రావాలనుకునేవాళ్ళకి పనికొస్తుందని ఉన్నదున్నట్టు రాస్తున్నాను. చర్మం ఒలవడం, మెదడు తీయడం, పురుగులు, అన్నీ వస్తాయి. అలాంటివి పడనివాళ్ళు ఆలోచించుకుని చదవండి.

ఆ పిట్ట కిటికీ అద్దానికి గుద్దుకుని చనిపోయింది. అద్దంలో చెట్లు, ఆకాశం కనపడితే పక్షికి అది దారిలాగే ఉంటుంది, పూర్తి వేగంతో వచ్చేస్తుంది. ఇలా అద్దాలకి, వాహనాలకి తగిలి చనిపోయినవి, వైద్యం చేసినా బతకనివి మ్యూజియంలకి చాలా వస్తుంటాయి. చచ్చిపడి ఉంది కదా అని అడవి పక్షిని ఎవరు పడితే వాళ్ళు తెచ్చి దాచుకోకూడదు, చాలా దేశాల్లో అందుకు అనుమతి కావాలి. దొరికితే ముందు మ్యూజియం వాళ్ళనో అటవీ శాఖ వాళ్ళనో అడగడం మంచిది.

ఫ్రీజర్ లోంచి కవరు తీసి చేతిలో పెట్టగానే నేను పిట్టని చూడబోయాను. నాకు నేర్పే మేడమ్ మాత్రం "ముందు చీటీ చూడు" అన్నారు. కవర్లో పిట్టతో పాటు పెన్సిల్‌తో రాసిన చిన్న కాగితం ఉంది: ఏ రోజు దొరికింది, ఎక్కడ, ఎవరికి, ఎలా చనిపోయింది. పెన్నుతో రాస్తే తడికి అలుక్కుపోతుంది, పెన్సిల్ రాత తడిలోనూ నిలుస్తుంది. ఆ కాగితం లేకపోతే ఆ పిట్ట ఎంత అందంగా ఉన్నా పరిశోధనకి దాదాపు పనికిరాదు, మహా అయితే పిల్లలకి ఈకలు ముట్టుకుని చూడమని ఇవ్వడానికి బాగుంటుంది. ఇందులో అతిశయోక్తి ఏమీ లేదు. డార్విన్‌కి పక్షుల చర్మం ఒలవడం నేర్పింది జాన్ ఎడ్మన్‌స్టోన్, గయానాలో బానిసగా బతికి విడుదలై ఎడిన్‌బరోలో ఈ పని చేసుకుంటూ ఉండేవారు, అది 1826. పని అంత బాగా నేర్చుకున్న డార్విన్ కూడా 1835లో గాలపాగోస్‌లో ఫించ్ పక్షుల్ని సేకరించినప్పుడు ఏది ఏ ద్వీపంలో దొరికిందో సరిగ్గా రాసిపెట్టుకోలేదు. 1837లో లండన్‌లో పక్షి శాస్త్రవేత్త జాన్ గూల్డ్ వాటిని పరిశీలించి ఇవన్నీ దగ్గరి చుట్టరికమున్న వేరు వేరు జాతులని తేల్చాక, ఏ జాతి ఏ ద్వీపానిదో తెలుసుకోవడానికి డార్విన్ ప్రయాణించిన ఓడ కెప్టెన్ ఫిట్జ్‌రాయ్, ఆ ఓడలోని మరికొందరు సేకరించిన పక్షుల లేబుళ్ళ మీద ఆధారపడాల్సి వచ్చింది. పక్షులు చేతిలోనే ఉన్నాయి, లేనిది పిసరంత సమాచారం.

పిట్టని రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి నెమ్మదిగా కరగనిచ్చాం. తొందరపడి వేడి తగిలిస్తే పైన కుళ్ళడం మొదలవుతుంది, లోపల ఇంకా గడ్డకట్టే ఉంటుంది, పొట్ట దగ్గర చర్మం పట్టు తప్పి ఈకలు ఊడొచ్చేస్తాయి. గ్లౌజులు, మాస్కు తప్పనిసరి, పక్షుల నుంచి మనిషికి అంటుకునే జబ్బులున్నాయి. కత్తి పట్టుకోకముందే చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. బరువు తూచాలి. రెక్క మడిచి పొడవు కొలవాలి, కాలి ఎముక, ముక్కు, తోక కాలిపర్‌తో కొలవాలి. కంటిపాప చుట్టూ ఉండే రంగు, కాళ్ళ రంగు, ముక్కు మొదట్లో రంగు రాసుకోవాలి. ఈకల రంగు చాలావరకు నిలుస్తుంది కానీ ఇవి ఎండితే మారిపోతాయి, కళ్ళైతే తీసేస్తాం కాబట్టి అసలే ఉండవు. రాసుకోకపోతే ఇక ఎవరికీ తెలిసే దారి లేదు.

ఇక కోత. రొమ్ము ఎముక మీద ఈకల్ని తడిపి రెండు పక్కలకీ పాయ తీస్తే మధ్యలో ఈకలు లేని సన్నటి చర్మం బయటపడుతుంది. స్కాల్పెల్‌తో, అంటే సన్నటి పదునైన కత్తితో, అక్కణ్ణుంచి తోక వైపుకి ఒక గీత. చర్మం మాత్రమే తెగాలి, కింద పొట్ట కండ తెగితే పేగులు బయటికొచ్చి ఈకలు పాడవుతాయి. పక్షి చర్మం ఎంత పల్చగా ఉంటుందంటే కింద ఉన్న కండ రంగు పైకి కనిపిస్తూ ఉంటుంది. గీత గీశాక కత్తితో పని తక్కువ. వేళ్ళతో, స్కాల్పెల్ పిడితో చర్మాన్ని కండ మీంచి నెడుతూ పోవాలి, తడి కనిపించిన చోటల్లా రంపపు పొట్టు చల్లుతూ ఉండాలి. మోకాళ్ళ దగ్గర కాళ్ళని కోసి, తోక ఈకల వేళ్ళు తెగకుండా తోక మొదలు కోసి, అక్కడి నుంచి చొక్కాని తలమీంచి తిరగేసి విప్పినట్టు చర్మాన్ని మెడ వైపుకి లాగుతాం. లాగడం అన్నాను గానీ నిజానికి లాగకూడదు, లాగితే సాగిపోతుంది, సాగిన చర్మంతో చేసిన స్పెసిమెన్ (దాచిపెట్టే నమూనా) పొడవు తప్పుడు కొలత అవుతుంది. నెట్టాలి. రెక్కల్ని భుజం దగ్గర విడదీస్తాం, రెక్క ఎముకలు చర్మంతోనే ఉంటాయి.

చాలా పక్షుల్లో చర్మం మెడ మీంచి జారి తల మీదకి కూడా వచ్చేస్తుంది. వడ్రంగి పిట్టకి, బాతులకి అలా రాదు, మెడ సన్నం, తల పెద్దది. బలవంతం చేస్తే చిరిగిపోతుంది. అందుకని తల వెనక నుంచి మెడ మీదకి ఇంకో గీత గీసి అందులోంచి పుర్రెని బయటికి తీస్తాం. ఈ పిట్టలో నన్ను కట్టిపడేసింది అక్కడే కనిపించింది. తల వెనక చర్మం పక్కకి జరపగానే పుర్రె మీద, సరిగ్గా నడినెత్తిన, రెండు సన్నటి తీగల్లాంటివి పక్కపక్కనే ముందుకి పరుచుకుని ఉన్నాయి. నరాలనుకున్నాను. మేడమ్ పట్టకారుతో ముక్కులోంచి నాలుకని మెల్లగా ముందుకి లాగారు. నెత్తి మీదున్న ఆ తీగలు కదిలాయి! అవి నాలుక ఎముకలు. నాలుక మొదట్లో మొదలై, దవడ కిందుగా రెండు పాయలుగా చీలి, పుర్రె వెనకనుంచి చుట్టుకుని, నెత్తిమీదుగా వచ్చి ముక్కు రంధ్రాల దగ్గర ముగుస్తాయి. చెట్టు బొరియలో లోతుగా ఉన్న పురుగుని అందుకోవడానికి నాలుక అంత బయటికి రావాలి, లోపలికి వచ్చినప్పుడు అంత పొడుగుదీ ఎక్కడో సర్దుకోవాలి కదా. నాలుక కొసన వెనక్కి తిరిగిన ముళ్ళు లెన్స్ కింద స్పష్టంగా కనపడ్డాయి. ఎన్ని బొమ్మల్లో చూసినా, కదులుతుండగా చూసింది మర్చిపోలేను.

తల దగ్గర పని అంతా ఓపికే. చెవి లోపలి పొరని పట్టకారుతో మొదలంటా తీయాలి, కంటి చుట్టూ రెప్పలు తెగకుండా పొర కోయాలి, కళ్ళు పగలకుండా తీయాలి, పుర్రె వెనక భాగంలో కొంచెం కోసి మెదడు తీసేయాలి. పుర్రె ముందు భాగం, ముక్కు చర్మంతోనే ఉండిపోతాయి.

బయటికొచ్చిన శరీరాన్ని పారేయరు. దాన్ని తెరిస్తేనే ఆడో మగో ఖాయంగా తెలిసేది. మూత్రపిండాల మీద రెండు వృషణాలుంటే మగది, చాలా పక్షుల్లో ఆడదానికి ఎడమవైపు ఒక్కటే అండాశయం ఉంటుంది. మాది ఆడది. వయసు కోసం పుర్రె పైకప్పు చూస్తాం: పిల్ల పక్షిలో అది ఒకే పొరగా, పారదర్శకంగా ఉంటుంది, పెరిగేకొద్దీ రెండో పొర ఏర్పడి మధ్యలో సన్నటి స్తంభాలు వచ్చి చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. అయితే వడ్రంగి పిట్టల్లో ఈ గుర్తు అంత నమ్మకమైంది కాదని, ఈకలు రాలి కొత్తవి వచ్చే తీరు కూడా చూసి రాయమన్నారు. పొట్టలో ఏముందో విడిగా సీసాలోకి, కండ ముక్క, కాలేయం ముక్క టిష్యూ (కణజాలం) కోసం చిన్న ట్యూబుల్లోకి. డీఎన్ఏ కావాలంటే ఆల్కహాల్‌లోనో బాగా లోతైన చలిలోనో దాచాలి, ఫార్మలిన్ అనే రసాయనంలో వేస్తే రూపం బాగా నిలుస్తుంది కానీ డీఎన్ఏ పాడవుతుంది. ఈ ట్యూబులకి కూడా ఆ పిట్టకిచ్చిన నంబరే.

తర్వాత కొవ్వు. చర్మానికి లోపలివైపు పసుపు రంగులో అంటుకుని ఉండే కొవ్వంతా గీకి తీయాలి. కొత్తవాళ్ళు విసిగిపోయి ఆపేసేది ఇక్కడే. ఉండిపోయిన కొవ్వు ఏళ్ళు గడిచేకొద్దీ ఆమ్లంగా మారి చర్మాన్ని తినేస్తుంది, పాతికేళ్ళ తర్వాత ఎవరో చేత్తో తీయబోతే రెక్క ఊడి వచ్చేస్తుంది. మేము గీకాక గిన్నెలు కడిగే లిక్విడ్ కలిపిన నీళ్ళలో కడిగి, బాగా జాలించి, తువ్వాలుతో అద్ది, హెయిర్ డ్రయర్‌తో చల్లటి గాలికి ఆరబెట్టాం. తడిసి ముద్దయి చూడలేనట్టు ఉన్న పిట్ట ఆరుతున్నకొద్దీ ఒక్కో ఈక విచ్చుకుని మళ్ళీ పిట్టవుతుంది. ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే.

కడగడం గురించి ఒకటి చెప్పాలి, ఎందుకంటే కడగకపోవడంలో కూడా విలువ ఉంది. 2017లో షేన్ డుబే, కార్ల్ ఫుల్డ్‌నర్ అనే ఇద్దరు అమెరికాలో 135 ఏళ్ళ పాటు సేకరించిన వెయ్యికి పైగా పక్షుల స్పెసిమెన్లని ఫోటోలు తీసి, పొట్ట మీద ఈకల నలుపుని పోల్చి చూశారు. ఆ నలుపు రంగు కాదు, బొగ్గు మసి. ఏ కాలంలో గాలిలో ఎంత మసి ఉందో ఆ ఈకల మీద నమోదై ఉంది. ఆ పక్షుల్ని ఒలిచి దాచినవాళ్ళలో ఒక్కరికి కూడా గాలి కాలుష్యం ఆలోచన వచ్చి ఉండదు. అది చదివాక నేను రక్తం, కొవ్వు అంటిన చోట్లే కడుగుతాను, మురికి అనిపించిన ప్రతిదీ వదిలించను, కడిగితే కడిగానని లేబుల్ మీద రాస్తాను.

నింపడం త్వరగానే అవుతుంది. సన్నటి పుల్లకి దూది చుట్టి, తీసేసిన శరీరమంత సైజులో చేసి, పుల్ల కొసని పుర్రెలోంచి ముక్కు మొదట్లోకి గుచ్చి, కళ్ళ గుంతల్లో దూది ఉండలు పెట్టి, చర్మం తిరగేసి తొడిగి, పొట్ట కుట్టేయడం. అసలు కష్టం ఆ తర్వాత. ఫోమ్ పలక మీద వెల్లకిలా పడుకోబెట్టి, రెక్కలు రెండు పక్కలా ఒకే ఎత్తులో సర్ది, ముక్కు దారంతో కట్టి, కాళ్ళు ఒకదాని మీద ఒకటి వేసి, గుండుసూదులతో నిలబెట్టి, ఒక్కో ఈకనీ పట్టకారుతో దాని వరసలో పెట్టాలి. ఎండిపోయాక ఇక మార్చలేం. ప్రదర్శనకి పెట్టే పక్షిలో జీవం ఉట్టిపడాలి. స్టడీ స్కిన్‌కి అది అక్కర్లేదు, ఏ దేశంలో ఎవరు చేసినా ఒకేలా ఉండాలి, వంద పక్కపక్కన పెట్టి పోల్చుకునేలా. ఇందులో అందం లేదని చాలామంది అంటారు, నాకు మాత్రం నిండుగా వరసలు కట్టిన సొరుగుని చూస్తే గొప్పగా ఉంటుంది.

ఎండుతుండగా పాత వడ్రంగి పిట్టల సొరుగు తీసి పోల్చి చూపించారు. పాతవాటిని గ్లౌజుల్లేకుండా ముట్టుకోనివ్వరు. పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రాన్స్‌లో బెకూర్ అనే ఆయన పాషాణం (ఆర్సెనిక్ అనే విషం) కలిపిన సబ్బు తయారుచేశారు, పురుగు పట్టకుండా చర్మం లోపల అది రాసేవారు, ఇరవయ్యో శతాబ్దం చివరి భాగం దాకా చాలా చోట్ల వాడారు. ఆ విషం ఇంకా ఆ చర్మాల్లోనే ఉంది. ఇప్పుడు విషం బదులు జాగ్రత్త మీద నడుస్తుంది: బిగుతుగా మూసుకునే బీరువాలు, పురుగుల కోసం జిగురు ఉచ్చులు, కొత్తగా లోపలికి వచ్చే ప్రతి వస్తువూ ముందు కొన్నాళ్ళు ఫ్రీజర్‌లో.

ఒకే జాతివి ఇన్నెందుకని చూడటానికి వచ్చినవాళ్ళు అడుగుతూనే ఉంటారు. నేను చెప్పే జవాబు గుడ్ల కథ. బ్రిటన్‌లో వేటాడే పక్షుల గుడ్లు గూళ్ళలోనే పగిలిపోతుంటే, డెరెక్ రాట్‌క్లిఫ్ అనే పరిశోధకుడు పాత సేకరణల్లోని గుడ్డు పెంకుల్ని కొలిచి, 1940ల చివర్నుంచి పెంకులు ఒక్కసారిగా పల్చబడ్డాయని 1967లో చూపించారు. డీడీటీ లాంటి పురుగుమందుల మీద వేలు చూపడానికి అది పెద్ద ఆధారమైంది. ఒక్కో జాతికి ఒక్కో గుడ్డు చాలనుకుని ఉంటే ఆ పోలిక వీలయ్యేదే కాదు, ఏ ఏడు, ఎక్కడ అని కార్డు మీద రాసి ఉండకపోయినా అంతే.

రెండో పిట్ట సంగతి. దానికి ఈకలు బాగా పాడైపోయాయి, స్కిన్‌కి పనికిరాదు, అందుకని పూర్తి అస్థిపంజరం చేద్దామన్నారు. చర్మం, లోపలి అవయవాలు తీసేసి, మిగిలింది కాస్త ఎండనిచ్చి పురుగుల పెట్టెలో పెట్టాం. డెర్మెస్టిడ్ పురుగులు, ప్రకృతిలో కళేబరాల మీద ఎండిన మాంసం తిని బతికేవి, పనిలో ఎక్కువ భాగం వాటి లార్వాలదే (పిల్ల పురుగులదే). చీకటి, 25 నుంచి 30 డిగ్రీల వెచ్చదనం ఉంటే చాలు, చిన్న పక్షిని కొద్ది రోజుల్లో ఎముకలకి దింపేస్తాయి. ఉడకబెడితే కొవ్వు ఎముకలోకి దిగుతుంది, కీళ్ళు విడిపోయి చిన్నవి పోతాయి, పురుగులు చేసినంత శుభ్రంగా ఏ చేయీ చేయలేదు. అవే పురుగులు సేకరణ గదిలోకి వస్తే సొరుగులకి సొరుగులే తినేస్తాయి, కాబట్టి వాటి గది వేరే చోట ఉంటుంది, అక్కడ పనిచేసిన బట్టలతో స్కిన్‌ల వైపు రానివ్వరు. నాకు టెన్షన్ అంతా నాలుక ఎముకల గురించే. వెంట్రుక కంటే కాస్త మందం, మాంసం అయిపోయాక లార్వాలు వాటినీ కొరకొచ్చు. రోజూ వెళ్ళి మూత తీసి చూసేదాన్ని, కండ పోయి తెల్లగా కనపడగానే తీసేశాం. తర్వాత ఫ్రీజర్, దాగి ఉన్న పురుగులు చావడానికి, ఆపైన కొవ్వు వదలడానికి సబ్బు నీళ్ళు. తెల్లగా మెరవాలని చాలామంది బ్లీచింగ్ వాడతారు, దయచేసి వద్దు, అది ఎముకలోని ప్రోటీన్‌ని తినేస్తుంది, తర్వాత పొడి రాలుతుంది. ప్రదర్శనకి కావాలంటే పలచటి హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో కాసేపు ముంచితే సరిపోతుంది. పరిశోధనకైతే అదీ అక్కర్లేదు.

ఆ పుర్రెని, దాని చుట్టూ తిరిగిన నాలుక ఎముకల్ని చిన్న గాజు పెట్టెలో పెట్టి చూపించాలన్నది ప్రదర్శన. ఎముకలు వాటి చోట నిలబడటానికి అక్కడక్కడా పారలాయిడ్ బి-72 చుక్కలు వాడాం, ఈ జిగురు రేపు ఎవరికైనా విప్పాలంటే అసిటోన్‌తో కరిగిపోతుంది. తిరిగి విప్పలేని పని ఏదీ చేయకూడదు, మ్యూజియంలో ఇది గట్టి నియమం. పెట్టె అడుగున చెక్క, ఎండీఎఫ్ (చెక్క పీచుతో చేసే పలక) లాంటివి వేయలేదు, వాటిలోంచి వచ్చే ఆమ్లపు ఆవిరి మూసిన పెట్టెలో పేరుకుంటుంది. పక్కన ఒక స్టడీ స్కిన్ కూడా పెట్టాం కాబట్టి వెలుగు 50 లక్స్ (వెలుగుని కొలిచే ప్రమాణం) దాటకుండా తగ్గించాం, ఎక్కువైతే ఈకల రంగు వెలిసిపోతుంది.

అన్నిటికంటే ఎక్కువ వాదన జరిగింది నాలుగు వాక్యాల వివరణ పలక మీద. ముందు రాసిన ముసాయిదాలో, చెట్టుని పొడిచినప్పుడు మెదడుకి దెబ్బ తగలకుండా పుర్రె కుదుపుని పీల్చుకుంటుందని ఉంది. ఎప్పట్నుంచో అందరూ చెప్పే మాటే. కానీ 2022లో సామ్ వాన్ వాసెన్‌బర్గ్ బృందం పొడుస్తున్న పిట్టల్ని హై స్పీడ్ వీడియోలు తీసి కొలిస్తే, పుర్రె కుదుపుని పీల్చుకోవడం లేదని, గట్టి సుత్తిలా పనిచేస్తోందని తేలింది. కుదుపు పీల్చుకుంటే పొడిచే బలమే తగ్గిపోతుంది కదా. మెదడు చిన్నది కాబట్టి ఆ వేగానికి తట్టుకుంటుంది. ఆ పాత వాక్యం తీసేయాలని నేను పట్టుబట్టాను, కొందరు ఉంచితే ఏముందన్నారు, జనానికి తెలిసిన మాటే కదా అని. గాజు పెట్టె మీద రాసింది పిల్లలు నిజమని నమ్మి ఇంటికి తీసుకెళ్తారు. చివరికి తీసేశారు, దాని చోట నాలుక ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో వేలితో గీసి చూసుకునేలా ఒక బొమ్మ పెట్టాం.

మొదటి పిట్ట ఎండాక సూదులు తీసి, ఆమ్లం లేని మందపాటి కాగితం మీద చెరగని ఇంకుతో లేబుల్ రాసి, కాళ్ళు కలిసే చోట దారంతో ముడేశాను. తేదీ, చోటు, అక్షాంశ రేఖాంశాలు, ఆడది, బరువు, అండాశయం కొలత, కొవ్వు ఎంత, పొట్టలో ఏమేం ఉన్నాయి, చావుకి కారణం అద్దం, ఏ భాగాలు కడిగామో, టిష్యూ ఎక్కడుందో, ఎవరు తయారుచేశారో. మీలో ఎవరికైనా ఈ పని నేర్చుకోవాలనుంటే దగ్గర్లోని మ్యూజియంలోనో విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర విభాగంలోనో అడగండి, మొదట్లో కత్తి ఇవ్వరు, పాత లేబుళ్ళు చదివి కంప్యూటర్లో ఎక్కించే పని ఇస్తారు. ఆ పని వద్దనకండి. ఎలాంటి లేబుల్ పనికొస్తుంది, ఏది రాయకపోతే ఎంత నష్టమో చేతికి వచ్చేది అక్కడే.